బురదలో నడిచే కాళ్లు

పిల్లలు ప్రార్థన ముగించి వరుసల్లో తరగతులకు పోతుండగా నా ఫోన్ మోగింది. చూస్తే అక్క వాళ్ల నాన్న, నేను పెద్దబాపూ అని పిలిచే మనిషి. ఆయన నంబరు నా ఫోన్‌లో చాలా ఏళ్లుగా ఉంది కానీ, ఆ నంబరు నుంచి నాకు ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు. వరండా చివరికి నడిచి ఎత్తాను.

"నేను బిడ్డా, పెద్దబాపును," అన్నాడు.

"చెప్పు పెద్దబాపూ."

ఆయన ఊపిరి, దాని వెనక ఆక్సిజన్ మిషన్ చప్పుడు మాత్రం వినిపించాయి.

"మీ అక్క లేస్తలేదు బిడ్డా. ఎంత పిలిచినా లేస్తలేదు. నువ్వొచ్చి ఒక్కసారి పిలువు. నువ్వు పిలిస్తే లేస్తదేమో."

నా బడి ఉన్న రుద్రూర్ నుంచి అక్క వాళ్ల బోధన్ ఎంతో దూరం కాదు. నేను వెళ్లేసరికి కూడా మిషన్ నడుస్తూనే ఉంది. గొట్టం అక్క ముక్కుకే ఉంది. పెద్దమ్మ, అక్క వాళ్ల అమ్మ, మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను అక్కను పిలిచాను. లేవదని చూడగానే తెలిసింది, అయినా ఆయన అడిగాడు కాబట్టి పిలిచాను. తర్వాత వంగి మిషన్ ఆపేశాను. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో రాత్రింబవళ్లు మోగుతున్న చప్పుడు ఆగిపోయింది. అప్పుడు పెద్దబాపు గోడ వైపు తిరిగాడు.

అక్క నాకు చుట్టం కాదు. నా కుడి చెయ్యి చేసిన మనిషి.

మా ఇంట్లో చెరకు కాలం వస్తే బెల్లం గానుగ నడిచేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వచ్చి, కూలీ మనిషి రాలేదని గానుగకు గడలు అందిస్తూ నిలబడ్డాను. గడతో పాటు చున్నీ కొస పోయింది. చున్నీ వెంట చెయ్యి పోయింది. ఎవరో మోటరు ఆపేసరికి మోచేతి కింద ఏమీ మిగల్లేదు. ఇంతకంటే చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ అదే అడిగేవాడు, ఎట్లయింది, ఎట్లయింది అని. ఆనాటి బెల్లం ఏం చేసిండ్రు, పారవోసిండ్రా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

అక్క అది అడగలేదు. మా నాన్న నన్ను బోధన్ బస్టాండ్ వెనక సందులో ఉన్న ఆమె రేకుల షెడ్డుకు తీసుకుపోయిన రోజు, ముందు తన రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చచేసుకుంది. అప్పుడు నా మొండి చెయ్యి పట్టుకుంది. "సల్లటి చేతులతోని ముట్టుకుంటే పానం ఉలిక్కిపడుతది," అంది. ప్రతి మనిషి దగ్గరా అట్లాగే చేసేదని తర్వాత తెలిసింది.

"చెయ్యి వస్తే ముందుగాల ఏం జేస్తవ్?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. రాస్తావా, తింటావా అని అడిగితే అవునని తలూపేదాన్నేమో. ఆమె అట్లా జవాబు అందివ్వకుండా ఊరికే చూస్తూ కూర్చుంది.

"జడేసుకోవాలె," అన్నాను చివరికి.

మా నాన్న లేచి బయటికి పోయాడు. ప్రమాదం అయినప్పటి నుంచి నా జడ మా అమ్మే వేస్తోంది. ఆ సంగతి నన్ను ఎంత తింటోందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్క జాలి మాట ఒక్కటి కూడా అనలేదు. తన ముడి విప్పుకుని, నా ముందే నెమ్మదిగా జడ అల్లుకుంటూ ఏ వేలు ఏం చేస్తోందో చూసుకుంది.

"ఒక చెయ్యి తిరుగుతది, ఇంకోటి పట్టుకుంటది. పట్టుకునేది నేను జేస్త. తిరిగేది నువ్వు నేర్సుకో."

మొదట చేసినవి పనికిరాలేదు. ఒకటి వెంట్రుకలను జారవిడిచేది, ఇంకొకటి కోసేసేది. ఎండాకాలం గడిచి వానలు పడ్డాక, ఇనుప పట్టుకారు లాంటి చెయ్యి ఒకటి కుదిరింది. ఆ షెడ్డులోనే అద్దం లేకుండా నా జడ నేను వేసుకున్నాను. అక్క వెనక్కి వచ్చి చూసి, "ఇది జడ గాదే, ఎడ్ల పగ్గం," అంది. ఆ ఏడాదిలో నేను నవ్వడం అదే మొదలు. తర్వాత ఎప్పుడో, పెళ్లిళ్లకూ బడికీ పెట్టుకునేందుకు వేళ్లున్న చెయ్యి కూడా చేసిచ్చింది. దానితో ఏ పనీ కాదు. ఎదుటివాళ్లు నన్ను చూసి చూపు తిప్పుకోకుండా ఉంటారు, అంతే.

అప్పటి నుంచి సెలవు దొరికితే ఆ షెడ్డులోనే ఉండేదాన్ని. నాకు పరిచయం కాకముందు అక్క సంగతులు కొన్ని ఆమె చెప్పగా, కొన్ని పెద్దమ్మ చెప్పగా తెలిశాయి.

పెద్దబాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్లీ తెరుస్తారని ఏళ్లకేళ్లు ఎదురుచూశాడు. రైసుమిల్లులో కాపలాకు ఒప్పుకున్నా, ఎవరైనా ఏం చేస్తావని అడిగితే ఫ్యాక్టరీ పేరే చెప్పేవాడు. ఆయనకు ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆమె పెద్ద కంపెనీలో కుర్చీ మీద కూర్చోవాలి, నెల మొదట్లో జీతం తప్పకుండా పడాలి, జబ్బు చేస్తే కంపెనీయే చూసుకోవాలి. తనకు అందకుండా పోయినదంతా బిడ్డకు అందాలని ఆయన కోరిక. అందింది కూడా. అక్క కృత్రిమ అవయవాలు తయారుచేసే చదువు చదివి, హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీలో చేరింది. మెడలో కార్డు వేసుకున్న ఆమె ఫోటోను పెద్దబాపు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. హోటల్లో చాయ్ తాగుతూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించేవాడు.

మొదట్లో అక్క అక్కడ బల్ల దగ్గర పనిచేసేది. కొలతలు తీయడం, అచ్చు పోయడం, నడిపించి చూడడం అన్నీ ఆమె చేతుల మీదుగా జరిగేవి. పని బాగా చేస్తోందని పై పదవి ఇచ్చారు. అద్దాల గది, కంప్యూటరు, నెల నెలా ఇన్ని కాళ్లు అమ్మాలన్న లెక్క. చేతులకు ప్లాస్టర్ అంటడం మానేసింది. "నా సేతులు పెండ్లి పిల్ల సేతుల లెక్క అయినయ్. సూసుకుంటే నాకే పరాయి మనిషివి అనిపించేటియి," అని చెప్పింది ఒకసారి.

ఆ రోజుల్లోనే మన బోధన్ దిక్కు మనిషి ఒకాయన ఆ గదికి వచ్చాడట. చెరకు నరికే కూలీ. ఊళ్లోవాళ్లు తలా కొంచెం వేసుకుని ఆయనకు ఆ కంపెనీ కాలు పెట్టించారు. ఇప్పుడు ఆ కాలిని తువ్వాలలో చుట్టుకుని, కర్రతో వచ్చాడు. తువ్వాల విప్పితే పాదం చీలి ఉంది, కీలులో మట్టి గట్టిపడి ఉంది.

అక్క చూసి, "ఇది బురదల తొక్కే కాలు గాదు పెద్దయ్యా. బూటేసుకొని నడిచేది. మీకు చెప్పలేదా?" అంది.

ఆయన ఆ కాలిని, ఆమెను మార్చి మార్చి చూశాడట.

"మరి నేను నడిచేదే బురదల గద బిడ్డా. ఇంకేడ నడుస్త?"

కంపెనీలో విరిగినదాన్ని బాగుచేయరు, కొత్తది కొనుక్కోవాలి. ఆ మాట చెప్పడం అక్క ఉద్యోగం. చెప్పింది. ఆయన గొడవ చేయలేదు. కాలిని మళ్లీ తువ్వాలలో చుట్టుకుని, "మంచిది బిడ్డా," అని వెళ్లిపోయాడు. అద్దంలోంచి ఆయన మెట్లు దిగడం చూస్తూ, కిందిదాకా దిగేవరకు కూర్చున్నానని చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ రోజులు అక్కడ లేదు.

ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చిన రోజు గురించి అక్క నాకెప్పుడూ చెప్పలేదు. పెద్దమ్మే చెప్పింది. పెద్దబాపు అన్నం ముందు కూర్చున్నాడు. బస్టాండ్ వెనక షెడ్డు కిరాయికి మాట్లాడానని అక్క చెప్పగానే చెయ్యి ఆగిపోయింది.

"గంత పెద్ద కంపెనీని ఇడిసిపెట్టి రేకుల షెడ్డుల కూసుంటవా? నీకేమన్న అయితే ఎవలు సూస్తరు?"

"కంపెనీని నమ్ముకొని నువ్వేమైనవ్ బాపూ?" అంది అక్క.

పెద్దబాపు కంచంలో చెయ్యి కడిగి లేచాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడడం మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఏదైనా చెప్పాల్సి వస్తే పెద్దమ్మతో చెప్పేవాడు. "ఆమెను తినుమను." "ఆమెను తలుపేసుకొమ్మను." అక్క కూడా అట్లాగే జవాబిచ్చేది. ఆ మాట అన్నందుకు ఆమె ఎంత బాధపడిందో నాకు తెలుసు. కానీ వెనక్కి తీసుకోలేదు. అబద్ధమైతే తీసుకునేదేమో.

షెడ్డు నడపడం మామూలు కష్టం కాదు. ఎండాకాలం ఆ రేకుల కింద నిలబడితే పొయ్యిలో ఉన్నట్టే. బయటి నుంచి రబ్బరు పాదాలు తెప్పించుకునేది. మిగతాదంతా తనే చేసేది. చెప్పులు లేకుండా పొలంలోకి దిగడానికి, పొయ్యి ముందు గొంతు కూర్చోవడానికి, ఒడ్డు ఎక్కడానికి పనికివచ్చే కాళ్లు అవి. ఆమె దగ్గరకు వచ్చేవాళ్లలో షుగర్‌తో కాలు తీయించుకున్నవాళ్లే ఎక్కువ. చెరకు ట్రాక్టర్ కింద పడ్డవాళ్లు, మోటరు షాకు కొట్టినవాళ్లు మిగతావాళ్లు. చెరకు నరికే కాలంలో సరిహద్దు అవతలి నుంచి మరాఠీ కూలీలు వచ్చేవారు. అక్కకు వచ్చిన మరాఠీ అంతా "దుఖ్తంయ్ కా?" అన్న ఒక్క మాట. నొప్పి ఉందా అని. దానితోనే పని గడిపేది.

రెండు వైపులా ఇనుప గొట్టాలు పాతిన దారిలో కొత్త కాలుతో నడిపిస్తూ, "కిందికి సూడకు. కాలు ఏడికి పోదు, ఆడనే ఉంటది. ఎదురుంగ సూడు," అనేది. ఆమె దగ్గర అందరికీ చెప్పే మాట ఇంకొకటి ఉండేది. "నొప్పుంటే నా తప్పు. నొప్పున్నా చెప్పకపోతే నీ తప్పు."

అన్నీ కుదిరాయని రాస్తే ఆమే ఒప్పుకోదు. వరి కోతలప్పుడు మోటరు షాకుతో రెండు చేతులూ పోయిన యువకుడు ఒకడు వచ్చాడు. పెళ్లై ఏడాది కాలేదు. అక్క అతని కోసం నెలల తరబడి పనిచేసింది. చేతులు తయారయ్యాయి. గ్లాసు పట్టుకున్నాడు, గుండీ పెట్టుకున్నాడు. ఒకరోజు వచ్చి రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, "ఇవి నాయి గావక్కా," అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అక్క వాళ్ల ఊరికి రెండుసార్లు పోయింది. తలుపు తీయలేదు. ఆ చేతులు ఇంకెవరికీ సరిపోవు. అరలో అట్లాగే ఉండిపోయాయి. వాటి మీద దుమ్ము పడితే తుడిచేది కానీ, చోటు మార్చేది కాదు.

ఒకసారి కంపెనీ నుంచి పాత పై అధికారి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ సందులోకి కారు పట్టక, చివరన ఆపి నడుచుకుంటూ వచ్చాడు. తిరిగి రమ్మని, ఈసారి ఇంకా పెద్ద పదవి అని చెప్పాడు. చుట్టూ చూసి, "ఇక్కడ ఏముంది మేడమ్ మీకు?" అని నిజంగా అర్థం కాకనే అడిగాడు.

అక్క చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, "పొద్దుగాల లేవంగనే ఈడికి రావాలనిపిస్తది సార్. ఆడ ఒక్కనాడు గట్ల అనిపించలే," అంది. ఆయన చాయ్ తాగి లేచాడు. మంచి మనిషే. పోతూ పోతూ గాలి తిరిగేట్టు వెనక గోడకు ఫ్యాను పెట్టించుకోమని చెప్పాడు.

ఫ్యాను పెట్టించింది, చాలా ఆలస్యంగా. ఆ షెడ్డులో ప్లాస్టర్ పొడి, ప్లాస్టిక్ రాపిడి ధూళి, జిగురు వాసన ఎప్పుడూ ఉండేవి. సాయంత్రానికి ఆమె కనుబొమలు తెల్లబడేవి. మాస్కు కట్టుకోమంటే, "మాస్కు ఏసుకుంటే నా మాట వాళ్లకు సమజ్ కాదు. నా మూతి సూస్తేనే వాళ్లకు ధైర్యం," అనేది. అది కొంత నిజం. ఆ వేడిలో మూతికి గుడ్డ కట్టుకుని పనిచేయలేకపోవడం మిగతా నిజం.

ఈ మధ్యలో పెద్దబాపుకు షుగర్ ముదిరింది. కాలి వేలికి పుండు లేచి, నల్లబడి, పైకి పాకింది. నిజామాబాద్ ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. పుండు మానాక అక్క ఒకనాడు పెద్దమ్మతో, ఆయనకు వినపడేట్టు, "బాపుకు కాలు కొలత తియ్యాలె," అంది. ఆయన పెద్దమ్మతోనే, "నాకు కాలద్దు, కట్టె సాలు," అన్నాడు.

కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. చివరికి పెద్దమ్మ నన్ను పిలిపించింది. నన్ను చూడగానే పెద్దబాపు, "నువ్వు తీస్తే తియ్యి బిడ్డా. ఆమె లోపలికి రావద్దు," అన్నాడు.

నాకు ఉన్నది ఒక్క చెయ్యి. ఆ పని చూశాను కానీ, ఎన్నడూ చేయలేదు. అక్క గడప అవతల, పరదా వెనక నిలబడింది. నేను ఆయన మంచం పక్కన నీళ్ల బకెట్టు, ప్లాస్టర్ పట్టీలు పెట్టుకుని కూర్చున్నాను.

"పట్టీ నీళ్లల్ల ముంచు. పిండు, మరీ గట్టిగ పిండకు. మోకాలు దగ్గర మొదలువెట్టు," అని పరదా వెనక నుంచి చెప్తోంది.

"జారుతున్నదక్కా. ఒక్క చేత్తోని అయితలేదు."

"ఒక కొస ఆయన్ని పట్టుకొమ్మను," అంది.

నేను చెప్పకముందే పెద్దబాపు వంగి కొస పట్టుకున్నాడు. నేను చుడుతూ పోయాను.

"ఇప్పుడు మోకాలిచిప్ప కింద బొటనవేలుతోని వత్తి పట్టు. బరువంత ఆడనే ఆగుతది. నొప్పైతుందా అడుగు."

"నొప్పైతుందా పెద్దబాపూ?"

"లేదని చెప్పు."

"లేదంటున్నడు అక్కా."

"అబద్ధం. ఆడ నొప్పి ఉంటది. ఎంతున్నదో నిజం చెప్పుమను. లేకుంటే కాలు సక్కగ రాదు."

పెద్దబాపు నా వైపు చూడలేదు. పరదా వైపు తల ఎత్తి, పెద్ద గొంతుతో, "ఉన్నది. శానా ఉన్నది," అన్నాడు.

కంపెనీ మాట మీద కంచం ముందు నుంచి లేచిన తర్వాత ఆయన కూతురితో నేరుగా అన్న మొదటి మాట అది. నా బొటనవేలు కింద ప్లాస్టర్ వేడెక్కి గట్టిపడింది.

కాలు తయారైంది. అక్క ఇంట్లో ఉన్నంతసేపు ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆమె షెడ్డుకు పోగానే తొడుక్కుని హోటల్‌కు నడిచేవాడు. ఎవరో, "కాలు మంచిగున్నదే, ఎవలు జేసిండ్రు?" అంటే, "బోధన్లనే జేసిండ్రు," అన్నాడట. ఆ మాట విని అక్క దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆ దగ్గు అప్పటికే మొదలైంది. మొదట దుమ్ము అనుకుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. తర్వాత మాట మధ్యలో ఆయాసం. నిజామాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రే తీసి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇన్నేళ్ల ధూళి వల్ల కావచ్చని, మళ్లీ మెత్తబడడం ఉండదని డాక్టర్ చెప్పాడు. పెద్ద ఆసుపత్రికి పోతే ఊపిరితిత్తులు మార్చవచ్చన్నాడు కానీ, అది మా లాంటివాళ్లు వినడానికి మాత్రమే పనికివచ్చే మాట. కంపెనీలో ఉన్నవాళ్లకు కంపెనీ చూసుకుంటుంది. షెడ్డులో ఉన్నవాళ్లకు షెడ్డు ఏం చూసుకుంటుంది?

ఇంటికి మిషన్ వచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా పెద్దమ్మ విసనకర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చేది, దానితో ఊపిరి ఆడుతుందన్నట్టు. అక్క షెడ్డుకు పోలేకపోయింది. మనుషులే ఇంటికి రావడం మొదలుపెట్టారు. మంచం మీద కూర్చుని, వాళ్ల నడక చూసి, వేలితోనే చూపించేది, ఇక్కడ అరగదీయాలి, ఇక్కడ తోలు వేయాలి అని. కొంతకాలానికి వేలు కూడా ఎత్తలేకపోయింది.

ఒక మధ్యాహ్నం నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. పెద్దబాపు లోపలికి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం అరుదు. వచ్చినా గడప దగ్గరే ఆగేవాడు. ఆ రోజు మంచం దాకా వచ్చి నిలబడ్డాడు. తొడుక్కున్నది ఆమె చేసిన కాలే.

"గా కంపెనీలనే ఉంటే నీకు గీ గతి పట్టకపోవు," అన్నాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఈ సమయంలోనా అనుకున్నాను. అక్క మాత్రం ఊపిరి కూడదీసుకుని, ముక్కలు ముక్కలుగా, "గా కంపెనీల ఉంటే... నీ కాలు... ఎవలు జేస్తుండె బాపూ?" అంది.

"కాలు లేకుంటే లేకపాయె. నువ్వుంటుంటివి గద."

అక్క కళ్లు మూసుకుంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, జవాబు కోసం కాదు, కదలలేక. చాలాసేపటికి అక్క కళ్లు తెరిచి ఆయన కాలి వైపు చూసింది.

"ఒరుసుకుంటున్నదా?"

"కొద్దిగ."

"ఎడమ దిక్కుకా?"

"ఆఁ."

"రేపు సూస్త."

ఆ రేపు రాలేదని కాదు. వచ్చింది, ఇంకా కొన్ని రేపులు వచ్చాయి. ఆమె చేతుల్లో బలం రాలేదు. ఆ కాలు ఇప్పటికీ ఎడమ వైపు ఒరుసుకుంటోంది.

నేను టీచర్ని. పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారో అడగడం నా పనిలో భాగం. మీకు నచ్చిన పని చేయండి, అదే మిమ్మల్ని నిలబెడుతుంది అని వాళ్లకు చెప్పేదాన్ని. అక్క మంచం పక్కన కూర్చున్న ఆ నెలల్లో ఆ మాట నా నోటికి రాలేదు. పెద్దబాపు భయపడ్డది ఏదీ అబద్ధం కాలేదు. నీకేమన్న అయితే ఎవలు సూస్తరు అని ఆయన అన్నం ముందు అడిగిన ప్రశ్నకు చివరికి జవాబు దొరకలేదు. అదే సమయంలో, ఈ బోధన్ చుట్టుపక్కల ఎంతమంది పొలాల్లో నడుస్తున్నారో నా కళ్లతో చూశాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచడం నా వల్ల కాదు.

ఒకసారి ఆమెనే అడిగాను. "కంపెనీ ఇడిసిపెట్టినందుకు బాధ అనిపిస్తదా అక్కా?"

మంచిమాట చెప్పి నన్ను ఊరడించడం ఆమెకు చేతకాదు. "ఊపిరాడనప్పుడు అనిపిస్తది. ఎవలన్న మంచిగ నడిసొస్తే అనిపియ్యది." మిషన్ వైపు చూసింది. "ఇప్పుడు ఊపిరాడందే ఎక్కువున్నది గదా," అంది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది చెయ్యి వాడడం మాత్రమే కాదు. కానీ దానికి పేరు పెట్టబోతే పెద్ద మాటలు వస్తున్నాయి. అవి ఆమెకు నప్పవు. నా మొండి చేతిని భయం లేకుండా, అసహ్యం లేకుండా ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. అంతవరకు రాస్తాను.

అక్క పోయిన రోజు మధ్యాహ్నానికే సంగతి ఎట్లా పాకిందో, జనం రావడం మొదలైంది. ఆటోల్లో, బస్సుల్లో, ట్రాక్టర్ల మీద. లారీ నడిపే అతను, బీడీలు చుట్టే ఆమె, సరిహద్దు అవతలి నుంచి ఒక మరాఠీ కుటుంబం. చాలామందికి ఒకరికొకరు తెలియదు. నడక చూసి, ఓహో నువ్వు కూడానా అన్నట్టు తలూపుకున్నారు.

పెళ్లి కాని బిడ్డ, కొడుకులు లేరు. నిప్పు కుండ ఎవరు పట్టుకోవాలని మాట వచ్చింది. "నీతోని గాదు, గంత దూరం. నీ అన్న కొడుకు పడుతడు," అన్నారు పెద్దవాళ్లు. పెద్దబాపు, "నేనే పడుత," అని కుండ అందుకున్నాడు. చెరకు బండ్లు తిరిగి గుంటలు పడ్డ దారిలో ముందు నడిచాడు. ఎడమ వైపుకు ఒరిగి ఒరిగి నడిచాడు. ఎవరైనా చెయ్యి అందిస్తే వద్దన్నాడు. చితికి నిప్పు పెట్టాక అక్కడ నుంచి ఆయన్ని కదిలించడం కష్టమైంది.

ఆ తర్వాత అందరం స్నానానికి కాలువ దగ్గరికి పోయాం. నిజాంసాగర్ నీళ్లు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది. గట్టు మీద అందరూ ఆగిపోయారు. ముందు ఎవరన్నట్టు. లారీ నడిపే అతను కూర్చుని, పట్టీలు విప్పి, కాలు తీసి గట్టు మీద పెట్టాడు. పక్కవాడి భుజం పట్టుకుని నీళ్లలోకి దిగాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. కాళ్లు తీసి పెట్టారు, చేతులు తీసి పెట్టారు. ఆడవాళ్లం కొంచెం కింది వైపు దిగాం. నేను కూడా నా వేళ్లున్న చెయ్యి తీసి ఆ వరుసలోనే పెట్టాను. నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. ఎవరి భుజాలు ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. పడిపోకుండా అందరం ఒకరినొకరం పట్టుకుని మునిగాం. అవతలి దారిన పోతున్న చెరకు ట్రాక్టర్ ఆగింది. డ్రైవర్ గట్టు మీదికి చూసి, ఇంజన్ ఆపేశాడు.

అందరికంటే ముందు పెద్దబాపు బయటికి వచ్చాడు. ఎవరో ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. తడి ధోవతితో, ఒక్క కాలు చాపుకుని కూర్చున్నాడు. తర్వాత వచ్చేవాళ్ల ఒంటి నీళ్లు వరుసగా పెట్టిన కాళ్ల మీద, చేతుల మీద కారుతున్నాయి. ఆయన భుజం మీది తువ్వాల తీసి గట్టిగా పిండాడు. తన కాలు పక్కన పెట్టి, అందిన కాలిని ఒళ్లోకి తీసుకున్నాడు. అది ఎవరిదో ఆయనకు తెలియదు. పట్టీలు, తొడుగు, పాదం అన్నీ తుడిచి ఎండకు పెట్టాడు. ఇంకొకటి తీసుకున్నాడు. తలలు తుడుచుకుంటున్నవాళ్లు ఆగిపోయి చూశారు. తడి బట్టలతో వణుకుతూ అందరం అట్లాగే నిలబడ్డాం. మా వస్తువులు మాకు ఇమ్మని ఎవరం అడగలేదు.

నా చెయ్యి దగ్గరికి వచ్చాడు. లోపల చేరిన నీళ్లను వంచి పారబోశాడు. అరచెయ్యి తుడిచాడు, మణికట్టు తుడిచాడు. తర్వాత తువ్వాల కొసను పురిపెట్టి వేలికీ వేలికీ మధ్య దూర్చి, ఒక్కొక్క సందూ మెల్లగా తుడవసాగాడు.